ఇప్పుడు కొట్టొచ్చా చప్పట్లు?

మన ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ మేనేజ్‌మెంట్ ఘోరం చేసింది. కమ్యూనిటీ రూమ్‌ని తన ఆఫీస్‌గా మార్చేస్తోంది. పొద్దున చెత్త డంప్‌స్టర్ పక్కన ఆ రూమ్‌లోని మన పాత సోఫా కనిపించింది. వంగితే ఇంకా మిరపకాయ బజ్జీల నూనె వాసన!

గ్రూప్‌లో మీరేమో బేస్‌బాల్‌లో ఏ హోమ్‌రన్ రికార్డు గొప్పదని కొట్టుకుంటున్నారు. నాకైతే ఆ సోఫా మీద కూర్చుని టీవీలో చూసిందే గొప్ప. గుర్తుందా? బంతి మైదానం పక్క గీతకి బయటగా వెళ్లి జనంలో పడింది. క్రికెట్ పిచ్చి అంకుల్స్ అంతా "సిక్సర్!" అని లేచారు.

"అది ఫౌల్ అంకుల్, లెక్కలోకి రాదు!" అని పగలబడి నవ్వాం.

మరుసటి బంతి మళ్లీ అటే లేచింది. లోపలా, బయటా? ఊపిరి బిగబట్టాం. గీతకి లోపలగానే వెళ్లి జనంలో పడింది. రికార్డు బద్దలైంది! కానీ అంకుల్స్ ఒక్కరూ కదల్లేదు. రమణ అంకుల్ మన ముఖాలు చూసి, భయంభయంగా అడిగారు.

"ఇప్పుడు కొట్టొచ్చా చప్పట్లు?"

"కొట్టండి అంకుల్!" అని గది దద్దరిల్లేలా అరిచాం.

అలా అందరం కలిసి కూర్చునే చోటు అద్దె వసూలు చేసేవాళ్ల సొత్తు కాదు, బతికేవాళ్ల హక్కు. రేపు తాళం మార్చేస్తారట. ఇవాళ సాయంత్రం ఆరింటికి అందరూ రూమ్‌కి రండి, పెద్దవాళ్లనీ తీసుకురండి. మనం లోపల కూర్చుంటే తాళం ఎలా వేస్తారో చూద్దాం.