తమ్ముడి మొదటి సింఫనీ

మొన్న కారులో మా అమ్మాయి ఏదో ఇంటర్వ్యూ పెట్టింది. మాట్లాడుతున్నది మా బాబాయి కొడుకు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో పేరున్న స్వరకర్త. "ఇరవయ్యేళ్లప్పుడు ఒక సింఫనీ రాయబోయాను. పనికిరాదని మా అక్క నిజాయితీగా చెప్పింది. ఆవిడే నా మొదటి గురువు," అంటున్నాడు. "అమ్మా, దట్స్ యూ!" అని మా అమ్మాయి నా భుజం చరిచింది. సిగ్నల్ పచ్చబడినా నేను బండి కదపలేకపోయాను.

అవి వైటూకే రోజులు. కొత్త శతాబ్దంలో కంప్యూటర్లన్నీ తికమకపడతాయన్న భయం పుణ్యమా అని కాన్‌బెర్రాలో నాకు ఉద్యోగం దొరికింది. మేముండే గంగాలిన్ శివారులో అప్పటికి ఉన్న ఇళ్లకంటే కడుతున్న ఇళ్లే ఎక్కువ. యూనిలో చదవడానికి వచ్చిన తమ్ముడు మా ఇంట్లోనే ఉండేవాడు. మా వంశంలో సంగీతమంటే నేనే. విజయవాడలో పన్నెండేళ్లు వయొలిన్ నేర్చుకున్నదాన్ని. చుట్టాలొస్తే చాలు, "అమ్మాయీ, ఒక కీర్తన" అనేవారు. వాడికి సరళీ స్వరాలు కూడా సరిగ్గా రావు. అలాంటివాడు లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని, మా వంటింటి బల్ల మీద ఏకంగా సింఫనీ మొదలుపెట్టాడు. నలభై వాయిద్యాలకి! నేను పప్పుకి తిరగమోత వేస్తుంటే వెనకనుంచి, "అక్కా, బూర ఊదేవాడికి ఊపిరి ఎంతసేపు ఆగుతుందంటావ్?" అనేవాడు. మావారు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, కాస్త గట్టిగానే.

ఒక ఆదివారం, "ఈ ఆర్వో ఖాళీయేనా అక్కా?" అంటూ వచ్చాడు. మధ్యాహ్నాన్ని ఆర్వో అనడం అప్పుడప్పుడే పట్టుబడుతోంది వాడికి. వయొలిన్ భాగాన్ని నాకోసం సరిగమల్లో రాసి తెచ్చాడు. నెలల తరబడి పెట్టెలోంచి తీయని వయొలిన్ శ్రుతి చేసుకుని మొదలుపెట్టాను. నాలుగో వరసకొచ్చేసరికి కమాను ఆపి, మళ్లీ మొదటినుంచి వాయించాను. పన్నెండేళ్లలో నేను వాయించినవన్నీ ఎవరో చేసిపెట్టినవి. ఇది మా వంటింట్లో పుట్టింది, నాకు కాదు.

"మోహన రాగాన్ని పట్టుకుని సాగదీశావురా," అన్నాను. "ముందు డిగ్రీ పూర్తిచెయ్యి."

"నిజంగానా అక్కా?"

"నీతో అబద్ధమాడితే నాకేం వస్తుంది?"

వచ్చింది. ఆ వారమంతా హాయిగా నిద్రపట్టింది. మంగళవారం చెత్తడబ్బాలో ఆ కాగితాలు కనిపించాయి. తీద్దామని చెయ్యి పెట్టి, మూత వేసేశాను. తర్వాత వాడు మెల్‌బోర్న్ వెళ్లాడు, వేరేవి రాశాడు, పెద్దవాడయ్యాడు. వాడికి సన్మానం జరిగినప్పుడల్లా "మావాడే" అని అందరికీ చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా ఎక్కడో చురుక్కుమంది.

ఇంటర్వ్యూ విన్న మర్నాడు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. "కుళ్లుతో అన్నాన్రా. అది చాలా బాగుంది."

"ఎలా ఉండేదక్కా? నాకొక్క స్వరమూ గుర్తులేదు."

నేను ఒక్కటీ మర్చిపోలేదు. గొంతు సవరించుకుని ఆ వయొలిన్ భాగం మొత్తం పాడాను.

"ఇది నేను రాశానా?" అన్నాడు చివరికి. "ఇప్పుడు నావల్ల కాదక్కా. ఆ ఇరవయ్యేళ్లవాణ్ణి తలుచుకుంటే నాకే కుళ్లుగా ఉంది." తర్వాత గొంతు తగ్గించి, "మళ్లీ పాడు, మెల్లగా. రాసుకుంటాను," అన్నాడు.

కాలం దేన్ని ఎవరి దగ్గర దాస్తుందో దానికే తెలియాలి. ఒక్కోసారి, దాచుకునే అర్హత లేనివాళ్ల దగ్గరే భద్రంగా దాస్తుంది.