ఏ వదిలేయడం?

కోసపాళయంలో జిరాక్సు కొట్టు పైన ఉన్న గదికి మెట్లు నిటారుగా ఉంటాయి. రోజూ వాటిని ఎక్కే ఎస్. పద్మనాభన్ ఈమధ్య సగంలో ఆగి, గోడకి చెయ్యి ఆనించి, ఏదో మరిచిపోయినవాడిలా నటిస్తున్నాడు. మరిచిపోయిందేమీ లేదు. మోకాళ్ళు. పైన ఒక నల్లబల్ల, నాలుగు బెంచీలు, స్పోకెన్ ఇంగ్లీష్ అని రంగు వెలిసిన బోర్డు. ఒకప్పుడు బెంచీలు చాలక కిటికీ గట్టు మీద కూడా కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఫోనుకి తమిళంలో చెబితే అదే ఇంగ్లీషులో పలుకుతోంది. ఒకప్పటి ఫ్రెంచి దొరల పేట వైట్ టౌన్‌లో గెస్ట్‌హౌసుల్లో పనిచేసే ఆడవాళ్ళు కొందరు మాత్రం మధ్యాహ్నం పూట వచ్చి, కునుకుపాట్లు పడుతూ వింటారు. ఆయనకీ నిద్ర వస్తూనే ఉంటుంది.

ఇన్నేళ్ళూ ఆయన చెప్పింది ఒక్కటే పాఠమని చెప్పొచ్చు. ఇంగ్లీషువాడి దగ్గర క్రియలు గుప్పెడే. పుట్, గెట్, టేక్, లెట్. వాటికే అప్, ఆఫ్, అవుట్ అని తోకలు మార్చి కట్టుకుంటూ ప్రపంచమంతా తిరిగి వ్యాపారం చేసుకున్నాడు. ఆ మాటకొస్తే మనమూ తక్కువ తినలేదు. బిడ్డని చూసుకోమంటే ఒకటి, నీ సంగతి చూసుకుంటానంటే ఇంకొకటి, చూసిపెట్టమంటే మరొకటి. ఇంగ్లీషువాడు తోకని విడిగా తగిలిస్తాడు, మనం కలిపి కుట్టేస్తాం. ఈ ముక్క చెప్పేటప్పుడు పద్మనాభన్ గొంతులో పాత ఉత్సాహం కాస్త తొంగిచూసి వెళ్ళిపోతుంది.

ఆయన వాళ్ళది ఎన్నో తరాల కిందట నెల్లూరు వైపు నుంచి బట్టల మూటలతో వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగే, కానీ తెలుగు అక్షరం ఆయనకి రాదు. తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకుంటాడు. అందులో గాలికీ కాలికీ ఒకటే రాత. తను రాసుకున్నది తనే తిరిగి చదువుకోవడానికి తడుముకోవాలి.

ఆ రోజు క్లాసు వేళ కాకముందే అమ్మాయమ్మ వచ్చింది. వైట్ టౌన్‌లో ఒక గెస్ట్‌హౌసులో టిఫిన్లు వడ్డించి గదులు ఊడ్చే మనిషి. పోయిన వారం జరిగిన సంగతి పద్మనాభన్‌కి తెలుసు. అక్కడ దిగిన ముసలి దొరసాని ఒకావిడ బొమ్మలు వేసేది. ఇంకా తడి ఆరని బొమ్మల అట్టల్ని చూపించి, పుట్ దెమ్ అవుట్ ప్లీజ్ అంది. వాకిట్లో ఎండలో పెట్టమని ఆవిడ ఉద్దేశం. గెస్ట్‌హౌసు భాషలో బయట పెట్టడమంటే గేటు అవతల పెట్టడం, చెత్తబండికి. అమ్మాయమ్మ ఒక్కొక్కటే జాగ్రత్తగా మోసుకుపోయి గేటు బయట పెట్టింది. బండివాడు ఎత్తుకుపోయాడు. దొరసాని ఏడ్చింది. మేనేజరు అమ్మాయమ్మని, చెప్పేదాకా ఇంట్లో ఉండమన్నాడు. పుట్ అవుట్ అంటే బయట పెట్టడమని ఈ గదిలోనే పద్మనాభన్ చెప్పాడు. ఎంత బయట అన్నది ఏ పాఠంలోనూ లేదు.

ఆమె ఫోను బల్ల మీద పెట్టి ముందు బెంచీలో కూలబడింది.

"మేనేజరు ఇంగ్లీషులో పంపించుండాడన్నా. ఫోను చేస్తే ఎత్తడం లేదు. తెలుగోడే కదా, నాకు ఇంగ్లీషు ఎందుకంట?"

వుయ్ ఆర్ లెటింగ్ యూ ఆఫ్, వచ్చి కలవమని ఉంది. లెట్ ఆఫ్ అంటే తప్పు చేసినవాణ్ణి శిక్ష వెయ్యకుండా విడిచిపెట్టడం. సంతోషంగా చెప్పాల్సిన మాటే. కానీ పద్మనాభన్ దాన్ని ఇంకోసారి చదివాడు. రాసిన ఆ మేనేజరు భానుప్రకాష్. యానాం నుంచి వచ్చి ఏడాది తిరగని కుర్రాడు. తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాసే రకం. పనిలోంచి పంపించేయడానికి లెట్ గో అనాలని వాడికి తెలుసో లేదో.

"వదిలేస్తా ఉండామని రాసుండాడు," అన్నాడు చివరికి.

"ఏ వదిలేయడం అన్నా? నా తప్పును వదిలేసినారా, నన్ను వదిలేసినారా?"

ఆమె భర్త మునియన్ మేడ కట్టేచోట సారువ కర్రల మీద నుంచి పడి నడుం విరిగి ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ వయసులో ఆమెని పనిలోకి తీసుకునే గెస్ట్‌హౌసు ఇంకోటి లేదు. అడిగి తేల్చుకుందాం పద అని పద్మనాభన్ మళ్ళీ ఆ మెట్లు దిగాడు.

సైకిలు తొక్కే ఓపిక లేక నడిపించుకుంటూ ఆమె పక్కన నడిచాడు. పెద్ద కాలవ దాటి వైట్ టౌన్‌లో అడుగుపెట్టేసరికి వీధులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి, గోడలు పసుపుపచ్చబడ్డాయి. ఎండ మాత్రం రెండు వైపులా ఒకటే.

భానుప్రకాష్ వాళ్ళని చూసి కౌంటరు వెనక లేచి నిలబడ్డాడు. మాస్టారికి కుర్చీ వేశాడు, అమ్మాయమ్మ వైపు చూడలేదు.

"తంబీ, నువ్వు రాసింది క్షమించినామనా, పంపించేస్తా ఉండామనా?"

"తీసేస్తున్నామనేనండి," అన్నాడు వాడు నేల చూస్తూ. "పెద్దావిడ. మొహం మీద తెలుగులో చెప్పలేకపోయానండి. ఇంగ్లీషులో అయితే కాస్త మెత్తగా ఉంటుందని..."

అమ్మాయమ్మ గోడకి ఆనుకుంది. గెస్ట్‌హౌసు ఓనరమ్మ సరిగ్గా ఏమందో చెప్పమన్నాడు పద్మనాభన్.

"చెన్నై నుంచి ఫోన్లో తమిళంలో అన్నారండి. 'అవళ విట్టుడుంగ' అన్నారు. వదిలెయ్యమనే కదండీ?"

పద్మనాభన్‌కి నవ్వు రావాల్సింది, నీరసం వచ్చింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట. పోట్లాడేవాళ్ళని విడదీస్తూ పోనివ్వమనడానికీ అదే, ఇక ఆ మనిషి వద్దనడానికీ అదే. ఏదో తెలియాలంటే గొంతు వినాలి.

"గొంతు ఎట్లుండింది? కోపంగానా?"

"కారులో ఉన్నారండి. హారన్లే వినబడ్డాయి." వాడు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "మళ్ళీ అడగనా?"

"అడగొద్దు సార్," అంది అమ్మాయమ్మ, మెల్లగానే.

నిజమే. అడిగితే ఈసారి స్పష్టంగా చెబుతుంది. దొరసాని కన్నీళ్ళు గుర్తున్న ఓనరు స్పష్టంగా చెప్పే మాట ఏదై ఉంటుందో ముగ్గురికీ తెలుసు. ఇన్నేళ్ళూ స్పష్టంగా మాట్లాడమని జనానికి నేర్పిన పద్మనాభన్ కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"ఆయమ్మ తమిళానికి రెండర్థాలు తంబీ. నీ ఇంగ్లీషుకి ఒకటే, తప్పు విడిచినామని. ఆ రెండిట్లో ఒకటి దీంతో సరిపోతా ఉండాది. ఇంకేం కావాల?"

"రేపావిడ వచ్చి, ఈమె ఇంకా ఇక్కడే ఉందేంటి అంటేనండి?"

"నువ్వు పంపించింది చూపించు. మీరన్నదే రాసినానని చెప్పు. అబద్ధం యాడుంది?"

భానుప్రకాష్ ఆ మెసేజీని చాలాసేపు చూసుకున్నాడు. చెరిపేస్తాడేమోనని అమ్మాయమ్మ వాడి బొటనవేలినే చూస్తోంది.

"ఇంక మీదట బయట పెట్టమంటే," అందామె, "యాడ అని అడిగి పెడతా సార్."

వాడి పెదాలు ఆగలేదు, నవ్వేశాడు. నవ్వినందుకు తనమీద తనే చిరాకుపడుతున్నట్టు ఫోను జేబులో పడేసుకున్నాడు. ఉండమనలేదు, పొమ్మనలేదు. పొద్దుటి కాఫీ కప్పులు ఇంకా కడగలేదని మాత్రం, ఎవరితోనో అన్నట్టుగా అన్నాడు. అమ్మాయమ్మ కొంగు బిగించి లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఒక కప్పు కాఫీ తెచ్చి పద్మనాభన్ చేతిలో పెట్టింది. ఓనరమ్మ నెలాఖరుకి వస్తుందని చెప్పింది.

"ఆ పొద్దు నువ్వూ రావాల అన్నా. ఆ ఇంగ్లీషుకి అర్థం చెప్పేదానికి."

"సరి," అన్నాడు. ఆ రోజు ఓనరమ్మ ముందు నిలబడి, తనకి కూడా పూర్తిగా నమ్మకం లేని అర్థాన్ని నిబ్బరంగా చెప్పాలి. కాఫీ అయ్యేదాకా దాన్ని గురించి ఆలోచించకూడదనుకున్నాడు. క్లాసుకి వేళ మించిపోయింది. ఇంకా ఆ మెట్లు ఎక్కాలి.