టర్కీలో పాత బిందెలు

మా అమ్మాయికి సోవియట్ యూనియన్ వచ్చింది. హిస్టరీ క్లాసులో చీటీలు తీశారట. ఈ స్కూల్లో దానికున్న ఒకే ఒక్క స్నేహితురాలికి అమెరికా వచ్చింది. క్యూబాలో క్షిపణులు పెట్టినందుకు రెండు దేశాలూ అణుబాంబులతో ఎదురెదురుగా నిలబడిన ఆ పదమూడు రోజుల కథని పదో తరగతి పిల్లలు బల్లకి అటూ ఇటూ కూర్చుని మళ్లీ నడిపించాలి. నలభై నిమిషాల్లో ఒప్పందం కుదిరిందా సరే, లేకపోతే యుద్ధం.

"హెల్ప్ కావాలా?" అని అడిగాను. వద్దంది. వద్దన్నాకే కదా బేరం మొదలయ్యేది.

నేను పెరిగింది తెనాలిలో, మా నాన్న స్టీలు సామాన్ల కొట్లో. ముందు కొట్టు, వెనకాల ఇల్లు. కొట్టుకి మూడు మెట్లు. ఆడవాళ్లు ధర వినగానే "అమ్మో, వద్దులెండి" అని లేచేవారు. మొదటి మెట్టు దిగితే నాన్న పలికేవాడు కాదు. రెండో మెట్టు దిగితే భుజం మీది తువ్వాలు తీసి గిన్నెలు దులిపేవాడు. మూడో మెట్టు మీద కాలు పడగానే, "ఏవమ్మా, బోణీ వేళ అలా వెళ్లిపోతే ఎలాగ? రా తల్లీ, నీ మాటే ఖాయం" అనేవాడు. పిలుస్తాడని ఆవిడకి తెలుసు. వస్తుందని నాన్నకి తెలుసు. నా అసలు చదువంతా ఆ మెట్ల దగ్గరే పూర్తయింది. తర్వాత చదివిన ఎంసీఏ పెళ్లి శుభలేఖలో వేసుకోవడానికి పనికొచ్చింది.

ఆ చదువునే అమ్మాయికి అందించాను.

"ముందు నీ మాట చెప్పు. కాదంటారు. ఫైలు మూసెయ్. లేచి తలుపు దాకా నడువు. అప్పటికీ పిలవకపోతే బయటికి వెళ్లిపో. చచ్చినట్టు పిలుస్తారు."

"పిలవకపోతే?"

"మా నాన్న పిలవకుండా వదిలేసిన మనిషిని నేను చూళ్లేదు."

మా ఆయన లాప్‌టాప్ మీంచి తలెత్తి, "ఇది కెనడా, కాస్త చూసుకో" అన్నారు. షాపులో స్టిక్కరు మీద ఎంతుంటే అంతా ఇచ్చి, పైగా థాంక్యూ చెప్పి వచ్చే మనిషి. యుద్ధం విషయంలో ఆయన సలహా ఎవరు వింటారు?

మంగళవారం సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి బ్యాగు నేలకేసి కొట్టింది. జరిగింది ఇది. నేను చెప్పినట్టే ఫైలు మూసింది, లేచింది, తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. వరండాలో లాకర్లకి ఆనుకుని పిలుపు కోసం నిలబడింది. లోపల, సోవియట్ తరఫున మాట్లాడాల్సిన మనిషే లేకపోయేసరికి, అమెరికా పక్షం ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. దీని స్నేహితురాలు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, "పాపం అప్సెట్ అయినట్టుంది. కాస్త స్పేస్ ఇద్దాం" అందట. ఇక్కడి మర్యాద అది. లేచి వెళ్లిన మనిషి వెంట పడకూడదు, తేరుకోనివ్వాలి. వాళ్లూ ఇచ్చారు. ఒక నిమిషం కాదు, రెండు నిమిషాలు కాదు, మిగిలిన పదకొండు నిమిషాలూ ఇచ్చారు. గంట మోగింది. టీచరు బోర్డు మీద కాలిపోయిన నగరాల పేర్లు రాశారు. మాస్కో, వాషింగ్టన్, దారిలో ఉన్న పాపానికి టొరంటో.

"మన ఏజాక్స్?" అని అడిగాను.

"అమ్మా!"

ఎందుకడిగానంటే, మేముండే ఏజాక్స్‌కి పక్క ఊళ్లోనే అణు విద్యుత్ కేంద్రం ఉంది. అందుకని, ప్రమాదం జరిగితే మింగడానికి ఈ చుట్టుపక్కల ఇళ్లకి అయోడిన్ మాత్రలు పంచుతారు. మావి వంటింటి సొరుగులో ధనియాల పొడి పక్కన ఉంటాయి. అణు విషయాల్లో నా పరిజ్ఞానం ఆ సొరుగు వరకే.

అమ్మాయి నవ్వలేదు. టీచరు గురువారం ఇంకొక్క అవకాశం ఇస్తానన్నారట. దాని బాధ మార్కులది కాదు. భోజనం గంటలో ఆ స్నేహితురాలు "నువ్వు నన్ను వదిలేసి వెళ్లిపోయావ్" అని వేరే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుందట.

"నువ్వెందుకు పిలవలేదని నేనూ అడిగేశా. తనే సారీ చెప్పాలి. నేను చెప్పను."

అవతల కూడా అదే మాట నడుస్తూ ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు.

మేము కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ నుంచి ఇక్కడికి మారింది పోయిన వేసవిలో, వాళ్ల నాన్న ఉద్యోగం కోసం. పిల్ల కిండర్‌గార్టెన్ నాటి నేస్తాలందరినీ వదిలి వచ్చింది. సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలలూ లంచ్ బాక్సు సగం నిండుగానే తిరిగొచ్చేది. ఒంటరిగా తినేవాళ్లకి ముద్ద దిగదు. నవంబరులో ఓ రోజు బాక్సు ఖాళీగా వచ్చింది. ఈ స్నేహితురాలే వచ్చి "ఇక్కడ కూర్చోనా?" అని అడిగిందట. ఆ రోజు నుంచీ బాక్సు ఖాళీయే. ఆ బుధవారం మూత తీస్తే నిమ్మకాయ పులిహోర పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన వేసిన పల్లీలు కూడా కదల్లేదు.

సోవియట్ యూనియన్ పోతే పోయింది. ఆ పిల్లని నా మూడు మెట్లే పోగొట్టాయి.

సాయంత్రం పాఠం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పరీక్షలకి కూడా అంత శ్రద్ధగా చదివి ఎరగను. గూఢచారి విమానం క్యూబా మీంచి ఫోటోలు తీయడం, ఓడలు సముద్రంలో ఎదురుపడటం, ఉత్తరాలు అటూ ఇటూ నడవడం, చివరికి ఇద్దరూ దిగిరావడం. క్యూబా మీదికి రామని అమెరికా మాటిచ్చింది. రష్యా క్షిపణులు విప్పి ఓడలకెక్కించుకుని వెళ్లిపోయింది. లోకానికి కనిపించింది ఇంతే. ఆ కింద ఇంకో సంగతి రాసి ఉంది. అది చదివి గట్టిగా నవ్వేశాను.

"ఇందులో నవ్వడానికి ఏముందమ్మా?" అంది అమ్మాయి.

టర్కీలో, రష్యా గుమ్మం ముందు, అమెరికా క్షిపణులు కొన్ని ఉండేవి. అప్పటికే పాతబడిపోయాయి, తీసేద్దామని వాళ్లే అనుకుంటున్నారు. వాటిని కొన్ని నెలల్లో చడీచప్పుడు లేకుండా తీసేస్తామని చాటుగా మాటిచ్చారు. షరతు ఒక్కటే. బయట చెప్పారంటే బేరం రద్దు.

"ఇది మా కొట్లో పాత సామాను మార్పిడే!" అన్నాను.

మా కొట్లో పాత సామాను ఇచ్చి కొత్తది తీసుకెళ్లేవారు. ఒకావిడ సొట్టలు పడి, అడుగున మాటు వేసిన ఇత్తడి బిందె తెచ్చేది. ఎలాగూ అటక మీంచి వదిలించుకోవాల్సిన బిందె. అయినా కాటాలో పెట్టే ముందు కొంగుతో తుడిచి, "మా అత్తగారు వాడిన బిందెండీ, ఇవ్వడానికి ప్రాణం ఒప్పడం లేదు" అని కళ్లొత్తుకునేది. బతికుండగా ఆ అత్తగారిని ఆవిడ ఏమనేదో వీధంతటికీ తెలుసు. అయినా నాన్న ఒక్క క్షణం తల వంచేవాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఈ రేటు మీకొక్కరికే. ఎక్కడా అనకండమ్మా" అనేవాడు.

"అంటే, ఓడిపోయినట్టు కనబడటానికి రష్యా ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది మరి. మీ తాతయ్య రోజూ ఒప్పుకునేవాడు. కొట్టాయన్ని వంచేశానని ఆవిడ వీధంతా చెప్పుకుంటూ పోయేది. ఆవిడ సందు తిరిగేదాకా తాతయ్య దిగాలుగా మొహం పెట్టుకుని నిలబడేవాడు."

"నువ్వైతే అలా ఉండగలవా?"

నేను నీళ్లు తాగడానికి లేచాను. మా చర్చిలో ఒక ఆంటీ నాకు డైనింగ్ టేబుల్ కారుచౌకగా ఇచ్చి, "ఎవరికీ చెప్పకమ్మా" అన్నారు. ఆ ఆదివారం ఆరాధన తర్వాత భోజనాల్లో, పెరుగన్నం దాకా వచ్చేలోపే నలుగురికి చెప్పాను. ఆ నలుగురూ కుర్చీలేమైనా ఉన్నాయా అని ఆవిడకి ఫోన్లు చేశారు. ఇప్పటికీ ఆవిడ నాకు వందనాలు చెప్పేటప్పుడు రెండు చేతులూ పూర్తిగా కలవవు.

నీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను.

"చూడు, నేను చెప్పింది తప్పు. అక్కడ మెట్లు దిగేది పిలిపించుకోవడానికి. ఇక్కడ దిగితే దిగనిస్తారు. ఆ పిల్ల మంచికే ఊరుకుంది."

అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "నువ్వు సారీ చెబుతున్నావా?"

"నీకొక్కదానికే. మీ నాన్నకి చెప్పకు."

అది ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్లింది. తలుపేసుకుంది. ఉతికిన బట్టలు పైకి తీసుకెళ్లే పని నాకు ఆ సాయంత్రం మూడుసార్లు పడింది. మొదటిసారి మెసేజ్ కొడుతున్న చప్పుడు. రెండోసారి ఏమీ లేదు. మూడోసారి గుసగుసలు, "ప్రామిస్, ప్రామిస్" అనే మాట. అంతలో తలుపు తెరుచుకుంది. "అమ్మా, ఆ టవల్ ఇందాకట్నుంచీ నీ చేతిలోనే ఉంది" అంది.

గురువారం మా అమ్మాయి క్లాసులో లేచి నిలబడి, ముందుగా మంగళవారం బయటికి వెళ్లిపోయినందుకు అందరి ముందూ సారీ చెప్పిందట. తర్వాత క్యూబాలోని క్షిపణులన్నీ తీసేస్తున్నానంది. పన్నెండు నిమిషాల్లో శాంతి. సోవియట్ పక్షంలోని మిగతా ఇద్దరూ దీనిమీద మండిపడ్డారట. అమెరికా గెలిచిందని క్లాసంతా చప్పట్లు కొట్టిందట. ఆ సాయంత్రం బాక్సు ఖాళీగా వచ్చింది. లోపల రెండు స్పూన్లు. ఒకటి మాది కాదు.

సంతోషమే. కానీ నేను కొట్లో పుట్టినదాన్ని. నా కడుపున పుట్టింది అందరి ముందూ తలొంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిందంటే నమ్మలేను.

"ఏం పుచ్చుకున్నావే?"

"ఏమీ లేదు."

"నా దగ్గరా?"

"చెబితే డీల్ క్యాన్సిల్. నువ్వే కదా చదివి చెప్పావ్."

"నేనెవరికి చెబుతాను?"

"చర్చి మొత్తానికి" అన్నారు మా ఆయన, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

శనివారం స్నేహితురాలు ఇంటికొచ్చింది. చికెన్ పకోడీ వేశాను. వాళ్ల అమ్మ ఎలా ఉందని అడిగాను, వాళ్ల కుక్క ఎలా ఉందని కూడా అడిగాను, మెల్లగా అసలు సంగతికొచ్చాను. ఆ పిల్ల నోటినిండా పకోడీతో, "సారీ ఆంటీ, ఐ కాంట్" అంది. రెండో ప్లేటు పెట్టాను. అదీ తినేసి మళ్లీ అదే మాటంది. ఈ వయసులో ఇంత గుట్టా! మా నాన్న చూస్తే కొట్లో కూర్చోబెట్టుకునేవాడు.

టర్కీ క్షిపణులు కొన్ని నెలలకి గానీ కదల్లేదు కదా. నేనూ కాచుకుని కూర్చున్నాను. ఆ పిల్ల వచ్చినప్పుడల్లా దాని దగ్గర ఏది మాయమైందా అని వెతుకుతున్నాను. జడకి పెట్టుకునే క్లిప్పా? ఫోన్ వెనకాల అంటించుకున్న బొమ్మలా? లేక అప్పుడు కూర్చున్న ఆ వేరే బల్ల వాళ్లతో స్నేహమా?

నిన్న వాళ్లిద్దరూ హాల్లో హోంవర్కు చేసుకుంటుంటే సోఫా పక్కన దుమ్ము తుడిచాను. తుడిచిన చోటే మళ్లీ తుడిచాను.

"మీ అమ్మ నా బ్యాగ్ వైపే ఎందుకు చూస్తోంది?" అంది ఆ పిల్ల.

"పట్టించుకోకు. స్పై ప్లేన్" అంది నా కూతురు. "ఫోటోలు తీసుకుని వెళ్లిపోతుంది."

ఆ పిల్ల పడీపడీ నవ్వి, జిప్పు లాగి, బ్యాగు నోరు పూర్తిగా తెరిచి నా వైపు తిప్పి పెట్టింది. నేను కూడా సిగ్గుపడకుండా వంగి చూశాను. నాలుగు పుస్తకాలు, నీళ్ల సీసా, నలిగిన చిప్స్ పాకెట్. ఉన్నవన్నీ కనబడ్డాయి. లేనిదేదో ఎంత వంగినా తెలియలేదు.