సీరియల్ ఇళ్లు చూడబోయిన రోజు

పోయిన వారం అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో "జర జరుగమ్మా" అన్నారు. గరగరలాడే గొంతు, సగం మాట, సగం గాలి. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తిరిగి చూస్తే కూరగాయల సంచితో ఒక పెద్దావిడ. ఎస్తేరు మేడమ్ కాదని నాకు తెలుసు. మేడమ్ పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ పెద్దావిడ జనంలో కలిసిపోయేదాకా రైలింగు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

నేను హైదరాబాదు వచ్చినప్పుడు మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ బ్యానర్లే. డిగ్రీ అయ్యాక తణుకు నుంచి వచ్చి లేడీస్ హాస్టల్లో చేరాను. కోర్సు బాగానే ఒంటబట్టింది కానీ ఇంటర్వ్యూలో కూర్చుంటే నోరు పెగిలేది కాదు. అందుకని ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటర్వ్యూలకు మాట్లాడటం నేర్పే క్లాసులో చేరాను. నేర్పేది ఎస్తేరు మేడమ్. నలభై దాటిన మనిషి. ముతక నేత చీర, బల్ల మీద ఎప్పుడూ గోరువెచ్చటి నీళ్లు. మాటలు నేర్పే ఆవిడకే గొంతు సరిగా లేదని వెనక బెంచీల్లో నవ్వుకునేవారు. ఆవిడ విననట్టే పాఠం చెప్పుకుపోయేవారు.

ఊళ్లో ఉండగా నాకొక సీరియల్ పిచ్చి ఉండేది. ఆదివారం సాయంత్రాలు వచ్చే సరదా ప్రేమకథ. ఎదురెదురు బాల్కనీల్లో ఉండే అమ్మాయి, అబ్బాయి పోట్లాడుకుంటూ పోట్లాడుకుంటూ ప్రేమలో పడతారు. ఆ అమ్మాయి మాటంటే నాకు ప్రాణం. నా మాట ముక్కుతో వస్తుందని ఇంట్లో ఏడిపించేవారు. అందుకే నలుగురిలో మాట్లాడాల్సి వస్తే ఆ అమ్మాయి గొంతు, ఆ అమ్మాయి నవ్వు తెచ్చిపెట్టుకునేదాన్ని. క్లాసులో మొదటిరోజు నా పేరూ ఊరూ అలాగే చెప్పాను. బోర్డు మీద రాస్తున్న మేడమ్ చెయ్యి ఆగిపోయింది. "ఇంకోసారి చెప్పమ్మా," అన్నారు. చెప్పాను. ఆవిడ మళ్లీ బోర్డు వైపు తిరిగారు.

తర్వాతొకసారి ఇష్టమైన సంగతి ఏదైనా చెప్పమంటే ఆ సీరియల్ గురించే మాట్లాడాను. అది ఇక్కడే ఎక్కడో తీశారట, ఆ ఇళ్లు చూడాలని ఉంది అన్నాను. అందరూ నవ్వారు. క్లాసు అయ్యాక మేడమ్ పిలిచి, "ఆదివారం ప్రార్థన అయినంక వస్త. నడుస్తవా? అవన్నీ నాకు తెలుసు," అన్నారు. క్లాసు బయట ఆవిడ మాట అలాగే ఉండేది. ఈ ఊరావిడ కదా, షూటింగులు చూసి ఉంటారనుకున్నాను.

ముందు పంజగుట్ట వెళ్లాం. వాళ్లిద్దరూ రోజూ కాఫీ తాగే హోటలు నిజానికి కర్టెన్ల దుకాణం. సెలవు రోజు రెండు బల్లలేసి తీసేవారట. పక్క సందులో అబ్బాయి బాల్కనీ చూపించారు. దానికి ఎదురుగా ఏదో ఆఫీసు గోడ ఉంది, అంతే.

"మరి ఆ అమ్మాయి బాల్కనీ?"

"అది బల్కంపేటల ఉంది."

నేను సందు మధ్యలో నిలబడిపోయాను. అన్నాళ్లూ బాల్కనీల్లోంచి పోట్లాడుకున్న ఆ ఇద్దరూ అక్కడ అసలు ఒకరినొకరు చూసుకోనేలేదు.

బల్కంపేట వెళ్తూ దారిలో ఒక మాట చెప్పాను. సగంలో ఆ అమ్మాయి మాట మారిపోయిందని, మొహం అదే అయినా మనిషెవరో అనిపించిందని, ఇంట్లో చెబితే ఎవరూ నమ్మలేదని, ఆ తర్వాత చూడటం మానేశానని. మేడమ్ ఆగిపోయారు. "నిజంగ తెలిసిందా నీకు?"

"తెలీకపోవడమేంటి మేడమ్?"

ఆవిడ మళ్లీ నడిచారు.

ఆ ఇంటి ముందు ఒక ముసలమ్మ మిరపకాయలు ఎండబోస్తోంది. సీరియల్ సంగతి అడగగానే ఆమె ముఖం వికసించింది. "గా పిల్లనా? మస్తు మంచిది. గని తెలుగు సుత రాకుండె. ఒకటి, రెండు, మూడు అనుకుంట పెదాలు ఆడిచ్చేది. మేం లోపల కూసొని నవ్వుకునేటోళ్లం."

"మరి ఆ మాటలు ఎవరివి?" అన్నాను, ఎవరిని అడుగుతున్నానో తెలియకుండానే.

మేడమ్ బాల్కనీ వైపు చూస్తున్నారు. "నావి," అన్నారు.

నేను నమ్మలేదు. నమ్మలేదని ఆవిడకు అర్థమైంది కాబోలు, మొదటి భాగంలో ఆ అమ్మాయి అన్న మాట చెప్పారు. "నేనేం మీకోసం రాలేదు, వాన వెలిసిందేమో చూద్దామని వచ్చాను." గొంతు రెండుచోట్ల విరిగింది. కానీ 'మీకోసం' దగ్గర ఆగిన పద్ధతి, 'వాన'ను సాగదీసిన తీరు, అచ్చం అదే. కొన్నేళ్లు అద్దం ముందు నేను నేర్చుకున్నది అదే. ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాను.

"మెడల గడ్డ తీయించుకున్న. గొంతు ఇట్లయింది. తర్వాత వేరే అమ్మాయి డబ్బింగు చెప్పింది. ఎవ్వరికీ ఫరక్ తెల్వలే అన్నరు. నేను సుత గట్లనే అనుకున్న, ఇయ్యాల్టిదాక." నీళ్లు తాగి నా వైపు తిరిగారు. "నువ్వు క్లాసుల పేరు చెప్పిననాడు నాకు చెమట పట్టింది. నా గొంతు నీ నోట్లకెళ్లి వచ్చింది."

క్షమించమని అడగబోయాను. నోరు తెరిస్తే వచ్చేది ఆవిడ గొంతే కదా అని భయమేసి మూసేసుకున్నాను.

"దాన్ని విడిచిపెట్టు. నా దగ్గరనే ఉండలే, నీకేం ఆసరైతది? నీ తణుకు గొంతుతోనే మాట్లాడు."

"అది బాగుండదు మేడమ్," అన్నాను. ముక్కుతోనే వచ్చింది మాట.

"నాది బాగుందా? రోజూ అందరి ముందర మాట్లాడతలేనా?"

ఆ తర్వాత క్లాసులో నేను పాత గొంతులోకి జారిన ప్రతిసారీ ఆవిడ బల్ల మీద కొట్టేవారు. పంజగుట్టలోని ఒక ఆఫీసు ఇంటర్వ్యూలో మొదటిసారి నా ముక్కు గొంతుతోనే మొదటినుంచి చివరిదాకా మాట్లాడాను. ఎవరూ నవ్వలేదు. ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి వెళ్తే, "ఇంక మొదటిరోజే వాళ్లను తణుకు యాసతో బెదరగొట్టకు," అన్నారు మేడమ్. నేను పగలబడి నవ్వాను. ఆవిడ తల వంచుకుని, నా నవ్వు ఆగేదాకా విన్నారు.

"గా నవ్వు మాత్రం ఉంచుకో," అన్నారు.

ఉంచుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయికీ అదే వచ్చింది. అది మా పుట్టింటి పోలిక అంటారు మా అత్తగారు. నేను కాదనను.