సుత్తి మొదటా, పిల్లి మొదటా

పట్టీల మేస్త్రి అంటే ఆ రోజుల్లో బాక్సింగ్ హాలు మెట్లెక్కినవాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు. పోటీకి ముందు బాక్సర్ల చేతులకు పట్టీలు చుట్టడం ఆయన పని. అదీ ఒక పనేనా అంటారు చూడనివాళ్లు. బిగిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, వదిలితే మెటికలు విరుగుతాయి. మేస్త్రి చుట్టిన పిడికిలిలో ఎముక విరిగిందన్న మాట ఏనాడూ పుట్టలేదు. మరీ బరువు కాని, మరీ తేలిక కాని మిడిల్‌వెయిట్‌లో ఒకరి తర్వాత ఒకరుగా ఏలిన నలుగురు ఛాంపియన్లూ చేతులు చాచి కూర్చున్నది ఆయన ముందే. కప్పు అందుకుంటున్న ఫొటోల్లో వాళ్ల భుజాల వెనక సగం మొహం కనిపించే మనిషి ఆయనే. ఆ సగం మొహమైనా ఎందరికి దక్కుతుంది చెప్పండి!

ఆ నలుగురివీ జనం నోట ఆడినవి మారుపేర్లే. సుత్తి ఒక్కటేశాడంటే అవతలివాడు రిఫరీ లెక్క పెట్టే గొంతు కూడా వినకుండా పడుకునేవాడు. పిల్లి అసలు ఎవరికీ దొరికేవాడు కాదు. బండని ఎంత బాదినా వెనకడుగు వేసేవాడు కాదు. ఎడంచెయ్యి కొట్టాకగానీ దెబ్బ ఎటు నుంచి వచ్చిందో తెలిసేది కాదు. బండది మూడో స్థానం, ఎడంచెయ్యిది నాలుగు. అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా సుత్తి మొదటా, పిల్లి మొదటా అన్నదే. సుత్తి దిగిపోయాకే పిల్లి రింగులోకి వచ్చాడు. ఇద్దరూ తలపడింది లేదు, సంగతి తేలిందీ లేదు.

ఆ తగువు ఆదివారం పొద్దున హాలుకి ఎదురుగా ఉన్న సెలూన్‌లో నడిచేది. హాల్లో గంట కొట్టేవాడు, టిక్కెట్లమ్మేవాడు, మేస్త్రి, బాక్సర్లకు లాగులు కుట్టే దర్జీ, నలుగురూ చేరేవాళ్లు. హాలు మూతపడింది. అందులో ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు. గంటవాడు పోయాడు, టిక్కెట్లవాడూ పోయాడు. మేస్త్రీ, దర్జీ మిగిలారు. తగువు మాత్రం ఇద్దరి మధ్యా నలుగురున్నంత జోరుగా సాగేది.

"సుత్తి పిడికిలి చుట్టినవాణ్ణి నేను, బావా. పట్టీ కింద ఇటుక ఉన్నట్టుండేది" అనేవాడు మేస్త్రి.

"ఇటుకలు కావాలంటే బట్టీకెళ్లు. బాక్సర్‌కి ఉండాల్సింది నడుము. పిల్లికి ఆరేళ్లు లాగులు కుట్టాను. ఒక్క దారప్పోగు మందం కొలత మారితే ఒట్టు. నీ సుత్తిగాడికి పోటీ పోటీకీ విప్పి కుట్టలేక నా ప్రాణం పోయేది."

"తిన్నాడు కాబట్టే కొట్టాడు."

"మావాడు తప్పుకున్నాడు కాబట్టే దవడ మిగిలింది. మీవాడు ఇప్పుడు ఏం నమలగలడో అడుగు!"

"కదలకండి బాబూ, చెవి తెగితే నన్ననకండి" అనేవాడు సెలూన్ అతను.

ఒకడు చేతిని బట్టి తూచాడు, ఇంకొకడు నడుముని బట్టి. ఎవరి వేళ్లు దేన్ని తాకాయో వాళ్లకి అదే బాక్సింగ్. మేస్త్రికి ఆ ఆదివారాలు కాక వేరే సంసారం లేదు. ఈ పోటీ అయ్యాక, ఆ పోటీ అయ్యాక అంటూ పెళ్లి మాట వాయిదా పడి పడి వయసే దాటిపోయింది.

అలాంటిది, దర్జీ భార్య కాలం చేశాక దర్జీ సెలూన్‌కి రావడం మానేశాడు. మేస్త్రి కొన్ని ఆదివారాలు అద్దంలో తన మొహం తనే చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి చొక్కా మార్చుకుని వాళ్లింటికే వెళ్లాడు.

"రండి బాబాయ్ గారూ" అంది దర్జీ కోడలు తలుపు తీస్తూ. "మీరైనా కాస్త మాట్లాడించండి. మాకు ఊఁ తప్ప ఇంకో మాట లేదు."

దర్జీ దుప్పటి కప్పిన కుట్టుమిషన్ పక్కన కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. పరామర్శలు మేస్త్రికి చేతకావు. తెలిసిన దారినే వెళ్లాడు.

"ఏమన్నా అను బావా, సుత్తే మొదటివాడు."

"అలాగే బావా."

మేస్త్రికి చెంప మీద కొట్టినట్టయింది. "అసలు పిల్లికి రెండో స్థానం కూడా ఎక్కువే. నాలుగులో పెట్టాలి."

"నీ ఇష్టం."

ఇన్నేళ్ల తగువు గెలిచి మేస్త్రి ఇల్లు చేరాడు. మేడ మీద ఒంటి గది, ఒక కుర్చీ, ఒక పొయ్యి. టీకి నీళ్లు పడేస్తూ, "సుత్తే మొదటివాడు" అన్నాడు పైకి. కాదనేవాడు లేడు. నీళ్లు మరిగి మరిగి ఇంకిపోయాయి. దర్జీ కూడా ఇలా ఊఁ కొడుతూ కూర్చుంటే ఇక ఈ లోకంలో తనతో తగువు పడే మనిషే ఉండడు. అది తలుచుకుంటే ఆయనకు టీ తాగబుద్ధి కాలేదు.

మళ్లీ ఆదివారం వెళ్లాడు, ఈసారి ఎత్తుతో.

"బాగా ఆలోచించాను బావా. నువ్వన్నదే నిజం, పిల్లే మొదటివాడు. ముప్పై రెండు నడుముతో అలా వంగడం ఎవడి తరం!"

దర్జీ తలెత్తాడు. "ఎంతా?"

"ముప్పై రెండు."

"ముప్పై రెండా! ఇరవై తొమ్మిది! దర్జీవి నువ్వా, నేనా? నీ కళ్లు మెటికలకి తప్ప దేనికి పనికొచ్చాయి గనక!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ వేడి ఎంతోసేపు నిలవలేదు. దర్జీ మళ్లీ కుర్చీలో కుంగిపోయాడు.

"ఇరవై తొమ్మిదీ కాదులే బావా. పిల్లిగాడి నడుమూ పెరిగింది. కొలత నేను చెప్పేవాణ్ణి, కుట్టేది మీ చెల్లెలు. పిల్లాడు ఊపిరి తీసుకోవద్దా అని లోపల వదులు పెట్టేదట. నాకు చెబితే గోల చేస్తానని చెప్పలేదు. ఆస్పత్రిలో చెప్పింది, నవ్వుతూ. ఇన్నేళ్లూ సెలూన్‌లో నేను మీసం మెలేసింది దాని కుట్టు చూసుకుని. ఇంకేం పెట్టుకుని వాదించను?"

మేస్త్రి కాస్త ముందుకి జరిగి కూర్చున్నాడు. ఇప్పుడు సుత్తి నిజంగానే గెలిచాడు. ఒక్క మాట అంటే చాలు, కొట్టేసినట్టే.

"అంటే నడుము పెరిగాక కూడా ఎవడికీ దొరకలేదన్నమాట. అయితే నువ్వనుకున్నదానికంటే గొప్పవాడే కదా బావా. చెల్లెమ్మకి తెలిసింది మనిద్దరికీ తెలియలేదు."

దర్జీ కళ్లు తుడుచుకుని అనుమానంగా చూశాడు. "జాలిపడి అంటున్నావా?"

"నీ మీద నాకు జాలేంటి!"

"మరి సుత్తి?"

"రెండు."

"సుత్తి రెండా! ఆ చెయ్యి చుట్టినవాడివి, నీకు నోరెలా వచ్చిందయ్యా? ఇటుకన్నావు కదా!"

"ఇటుకే. నానిన ఇటుక."

"నానిన ఇటుకట! వినమ్మా, మీ బాబాయ్ మాటలు!" అని దర్జీ కోడల్ని కేకేశాడు. ఆ పూట ఆయన సుత్తి పక్షాన గొంతు చించుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "ఆదివారం సెలూన్‌కి రా, నీ పని చెప్తా" అన్నాడు.

"ముందు ఆ గడ్డం సంగతి చూసుకో" అన్నాడు మేస్త్రి.

మెట్లెక్కి గదిలో కుర్చీలో కూర్చున్నాడు. ఆదివారం తగువుకి సరుకు కావాలి. సుత్తి లోపాలు ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. వంకర తిరిగిన చిటికెన వేలు, చలికి బిగుసుకునే మణికట్టు, గ్లౌజు తొడిగే ముందు వణుకు దాచుకోవడానికి పిడికిలిని తొడల మధ్య నొక్కిపెట్టుకునే అలవాటు. ఒక్కొక్కటే తలుచుకున్నాడు. తలుచుకున్న కొద్దీ ఆ చెయ్యి మీద మమకారం పెరిగిపోతోంది. నువ్వే మొదటివాడివిరా అని అనబోయి, పెదవి బిగబట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.