కదలని సున్నా

మా ఆఫీసులో ఆమెను అందరం అనుమానాలక్క అంటాం. ఇంటికి తాళం వేసి, వేశానో లేదోనని మళ్ళీ మెట్లెక్కి చూసొచ్చే మనిషి. ప్రోగ్రాం రాయడంలోనూ అదే చాదస్తం.

ఒక పెద్ద ఆసుపత్రిలో రక్తం దాచే ఫ్రిజ్‌లు ఎంత చల్లగా ఉన్నాయో తెరమీద చూపే ప్రోగ్రాం మాది. వేడెక్కితే గంట మోగాలి. అయితే మేం ప్రోగ్రాం రాసే కంప్యూటర్ భాషకో పాడు గుణం ఉంది. థర్మామీటర్ నుంచి అంకె రాకపోతే రాలేదని చెప్పదు, సున్నా అనుకుని తన దారిన తాను పోతుంది. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది మార్చాలని అక్క ఎన్నోసార్లు పోరింది.

"ఆ భాషే అంతమ్మా. ఇన్నాళ్ళూ ఏమైనా అయిందా?" అనేవాడు మేనేజరు.

ఒకరోజు మధ్యాహ్నం అదే ఆసుపత్రిలో అక్క చెల్లెలికి కాన్పు ఆపరేషన్. తోడుగా నేనూ వెళ్ళాను. రక్తం బాగా పోతోంది, వెంటనే ఒక సంచి తెమ్మని నర్సు కేకేసింది. ఇద్దరం బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాం. గోడమీది తెర చూసి అక్క కొయ్యబారిపోయింది. మిగతా ఫ్రిజ్‌ల అంకెలు అటూ ఇటూ కదులుతున్నాయి. ఒకదానిది మాత్రం సున్నా, కదలడమే లేదు. అక్కడి ఉద్యోగి సరిగ్గా దాని తలుపే తీస్తున్నాడు.

"అన్నా, అందులోది వద్దు!"

"చల్లగానే ఉందిగా అమ్మా, సున్నా చూపిస్తోంది. గంట కూడా మోగలేదు."

"గ్లౌజు తీసి ఆ సంచిని ఒక్కసారి ముట్టుకోండి."

ముట్టుకున్నాడు. సంచి గోరువెచ్చగా ఉంది. ఫ్రిజ్‌కూ థర్మామీటర్‌కూ ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు ఊడి ఉంది.

ఇంకో ఫ్రిజ్‌లోని సంచి ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయట కూర్చున్నాం. చివరికి నర్సు వచ్చి తల్లీబిడ్డా క్షేమమంది. మా పక్కనే కూర్చున్న అక్కావాళ్ళ అమ్మ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"నీ అనుమానమే దాన్ని బతికించిందే!"

అక్క ముఖంలో మాత్రం భయం పోలేదు. చేతులు విడిపించుకుని మళ్ళీ బ్లడ్ బ్యాంకుకు నడిచింది.

"అన్నా, ఆ సున్నా ఎప్పట్నుంచి ఉంది?"

"పొద్దున నేనొచ్చేసరికే ఉందమ్మా."

"అందులోంచి ఎవరికైనా ఇచ్చారా?"

అతడు రిజిస్టరు తిప్పి చూశాడు. "ఒక్కరికి. పై వార్డులో, ఒక పెద్దాయనకి."

చెల్లెల్ని చూడనైనా చూడకుండా అక్క మెట్లెక్కింది.