తిరగమోత వాసన రాని ఇళ్ళు

నా చిన్నప్పుడు పద్మారావు నగర్‌లో మా అమ్మమ్మ వాళ్ళుండే వాడలో, పిల్లలకు అమ్మవారు పోస్తే ఆ సంగతి ఎవరూ నోటితో చెప్పేవారు కాదు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అవి చూసి పాలవాడు గిన్నె బయటే పెట్టించుకునేవాడు, చుట్టాలు వెనక్కి తిరిగిపోయేవారు. ఒంటి మీద పొక్కులు మాడేదాకా ఆ ఇంట్లో తిరగమోత ఉండేది కాదు. నూనె పొగ తగిలితే అమ్మవారికి కోపం వస్తుందని నమ్మకం. ఒకే కుళాయి చుట్టూ చిన్న చిన్న పోర్షన్లు. మా అమ్మమ్మ వాళ్ళు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. పక్క పోర్షన్‌లో మేము ఖాలా అని పిలిచే ఆవిడ బట్టలు కుట్టేది. చివరి పోర్షన్ మిర్చిబజ్జీల బండి ఆవిడది. ఎవరి దేవుడు ఎవరైనా ఈ పట్టింపు మాత్రం అందరికీ ఒకటే.

ఆ వేసవి సెలవుల్లో మా పిన్ని పురిటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. తనకు చిన్నప్పుడు అమ్మవారు పోయలేదు. ఇప్పుడు సోకితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మొదట బజ్జీల ఆవిడ కూతురికి వచ్చింది. ఆవిడ పద్ధతిగా మండలు కట్టింది. ఆ సాయంత్రం నుంచే బండి దగ్గర బేరం పోయింది. కుళాయి దగ్గర ఆవిడ బిందెను అందరి బిందెల వెనక్కి జరిపేశారు. కూతురికి తగ్గి, తలకు పోసి, మండలు తీసేశాక కూడా బజ్జీలు కొనడానికి ఎవరూ రాలేదు. ఆ తరువాత వాడలో మరే గుమ్మానికీ వేపాకు కనబడలేదు. పిల్లలు మాత్రం ఒక్కొక్కరే ఆటకు రావడం మానేశారు. అడిగితే, మేనత్త ఇంటికి వెళ్ళాడని చెప్పేవారు.

ఒకరోజు ఇంటింటికీ తిరిగి జబ్బుల లెక్క రాసుకునే ఆరోగ్య కార్యకర్త వచ్చింది. ప్రతి గుమ్మం దగ్గరా అడిగింది. ప్రతి గుమ్మమూ లేదనే చెప్పింది. ఆవిడ గోడల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి వెళ్ళిపోయింది. పిన్నిని బొల్లారంలో తాతయ్య చెల్లెలి ఇంటికి పంపుదామని అప్పటికే పోరుతున్న అమ్మమ్మతో తాతయ్య నిశ్చింతగా అన్నాడు, "చూశావా, గవర్నమెంటు మనిషే వచ్చి రాసుకెళ్ళింది. నిండు చూలాలిని ఆటోలో కుదిపేయమంటావేంటే?"

"ఆవిడ గోడలు చూసి వెళ్ళిందండీ. నేను వంటిళ్ళు చూస్తున్నాను. మధ్యాహ్నం పప్పులోకి తిరగమోత వాసన ఏ ఇంటి నుంచి వస్తోందో కాస్త చెప్పండి," అంది అమ్మమ్మ.

నేను వాకిట్లో నిలబడి వాసన చూశాను. రోజూ వీధి చివరిదాకా వచ్చే ఖాలా బగారా తాలింపు వాసన కూడా లేదు. తాతయ్యకు మాత్రం వాసన సాక్ష్యంగా ఆనలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి అమ్మమ్మ స్టూలెక్కి మా గుమ్మానికి వేపమండలు కడుతోంది. మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు. "ఎవరికే?" అని తాతయ్య కంగారుపడితే, "ఎవరికీ కాదు, ఊరుకోండి," అంది. నన్ను వాకిట్లోకి వెళ్ళనివ్వలేదు. పిన్నిని వెనక గదిలో ఉంచింది. మధ్యాహ్నం మాకందరికీ చప్పిడి పప్పే. "రాని జబ్బుకి నాకు పథ్యమేంటి!" అని తాతయ్య గొణిగితే పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు.

అందరికన్నా ముందు వచ్చింది బజ్జీల ఆవిడ. అడగకుండానే మా బిందెలు అందుకుంది. "నాకు చిన్నప్పుడే పోసింది పెద్దమ్మా, మళ్ల రాదు. మీరు గడప దాటకున్రి, నీళ్లు నేను తెస్త," అంది. కుళాయి దగ్గర ఎవరో "గా బిందెలు ఆఖర్ల పెట్టు" అనడం, "ఏదీ, జరుపు చూస్త" అని ఆవిడ గయ్యిమనడం లోపలికి వినిపించాయి. అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తరువాత ఖాలా వచ్చి కిటికీ అవతల నిలబడింది. గొంతు తగ్గించి అంది, "అమ్మా, మీ పిల్లకు సుత వచ్చిందా? మా చిన్నోనికి మస్తుగ పోసింది. చెప్తే బట్టలు ఎవ్వరియ్యరని పరేషాన్‌ల ఉన్న. మీరే కట్టిన్రు, ఇగ నాకేంది."

ఆమె తరువాత ఇంకొకరు, ఆపైన మరొకరు. పొద్దు వాలేసరికి సగానికి పైగా ఇళ్ళ సంగతి మా కిటికీ దగ్గరికి వచ్చింది. పడక కుర్చీలో అన్నీ విన్న తాతయ్య లేచి వెళ్ళి గోడ మీది సుద్ద గుర్తును కాసేపు చూశాడు. తరువాత తనే వెళ్ళి ఆటో పిలుచుకొచ్చాడు. పిన్ని బొల్లారంలో క్షేమంగా ప్రసవించింది. ఆ కార్యకర్త మళ్ళీ కనిపించినప్పుడు తాతయ్య ఆపి అసలు సంగతి చెప్పాడు. "పోయిన వారం లెక్క పైకి పోయింది సార్. అండ్ల మీ వాడ కాడ సున్నానే ఉంటది," అంది పాపం ఆవిడ, ఏం చేయాలో తోచక.

మనింట్లో ఎవరికీ రాకుండానే మండలు కట్టడం అబద్ధం కదా అమ్మమ్మా అని నేనడిగాను. "అబద్ధమేనే. నిజం చెప్పి బజ్జీల ఆవిడ ఏం బావుకుంది? అది కళ్ళారా చూసినవాళ్ళు అడగ్గానే చెబుతారా?" అంది.

ఇప్పుడు కాప్రాలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజూ సాయంత్రం ఒక మెసేజ్ వస్తుంది. ఈ రోజు కేసులు లేవు. ఈ మహమ్మారి మొదలైన కొత్తలో ఒక కుటుంబం తమకు వచ్చిందని నిజం చెప్పింది. వాళ్ళ తలుపుకు ఎర్ర కాగితం అంటించారు. వాళ్ళ చెత్త తీయలేదు, పాలు పైకి తేలేదు. అప్పటి నుంచీ ఆ మెసేజ్ మారలేదు. మెట్లెక్కుతుంటే మాత్రం ఒక్కో అంతస్తులో మిరియాల కషాయం వాసన, మూసిన తలుపుల వెనక దగ్గు. టీవీలో చెప్పే అంకెలు విన్నా నాకు ఆ మెట్లే గుర్తొస్తున్నాయి. ఎన్ని ఇళ్ళు లేదని చెబితే ఆ అంకె తయారైందో అనిపిస్తుంది.

సాయంత్రం మా పాప రిపోర్టు వచ్చింది. పాజిటివ్. గ్రూపులో పెట్టొద్దు, రేపు చూద్దాం అని మా వారు అన్నారు. ఆయన భయం నాకు తెలుసు. పనమ్మాయి రాదు, పాపను ఇక ఎవరూ ఆడనివ్వరు. కానీ కింది ఫ్లాట్‌లో ఒక అమ్మాయికి ఏడో నెల. రోజూ లిఫ్టులో కలుస్తుంది. గ్రూపులో ఏమీ లేదని చూసుకునే బయటికి వస్తున్నానక్కా అని మొన్ననే అంది.

పాప ఒళ్ళు ఇంకా కాలుతోంది. తడిగుడ్డ మార్చి ఫోన్ తీశాను. మా పాపకు వచ్చింది, కింది చెల్లి లిఫ్టు వాడకుండా జాగ్రత్తగా ఉండాలి, ఇంకెవరికైనా ఉంటే మాకు చెప్పండి, మందులైనా భోజనమైనా చూసుకుందాం అని రాసి పంపాను. చాలామంది చూశారు.

ఇన్నేళ్ళుగా నా కళ్ళలో ఉండిపోయింది స్టూలెక్కిన అమ్మమ్మ వీపు. మండలు కట్టడం అయ్యాక కిటికీ రెక్కలు తెరిచి పెట్టి, ఎవరైనా వస్తారేమోనని ఆవిడ దాని పక్కనే కూర్చుంది. నేనూ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను.